కూర్చునే ఉద్యోగం

వీధిలో అందరూ ఆమెను గుర్రం వదిన అంటారు. ఎదురుపడితే మాత్రం వట్టి వదినే. ఊరి చివర గుర్రపు స్వారీ నేర్పే బడి ఒకటుంది. పొద్దున్నే, నేర్చుకునేవాళ్ళు రాకముందే, అక్కడి గుర్రాలను ఒక్కొక్కటిగా ఎక్కి, వాటి ఒళ్ళు సాగి మాట వినేదాకా తిప్పడం ఆమె పని. రాత్రంతా లాయంలో నిలబడ్డ గుర్రం పొద్దున బిగుసుకుపోయి చిరాగ్గా ఉంటుంది. ఆ చిరాకంతా ముందు వదిన భరిస్తే, తరవాత ఫీజు కట్టినవాళ్ళు వచ్చి ఎక్కి, "అబ్బ, ఎంత బుద్ధిమంతురాలో" అని దాని మెడ నిమురుతారు. ఆ బుద్ధి దానికి పుట్టుకతోనే వచ్చిందనుకుంటారు కాబోలు!

ఇంట్లోవాళ్ళ లెక్కలో మాత్రం ఆమెది కూర్చునే ఉద్యోగం. ఆ పేరు పెట్టింది ఇంకెవరో కాదు, సాక్షాత్తూ వదినే.

పెళ్ళికి ముందు కాబోయే అత్తగారు ఆమెను ఒకటే అడిగింది. "గుర్రాలెక్కే పనా? పడితే? నడుం విరిగితే? ఎవరు చూస్తారమ్మా?" ఆవిడ గొంతులో పెత్తనం లేదు, భయం ఉంది. గోడలకు రంగులేసే ఆవిడ భర్త పరంజా మీంచి పడి ఏళ్ళ తరబడి మంచంలోనే ఉండిపోయాడు. ఆయన్ని అటూ ఇటూ తిప్పి, తినిపించి, తుడిచి, చివరికి సాగనంపిన మనిషి ఆవిడ. వదినకు అప్పటికే ఆ ఇంటి అబ్బాయి మీద మనసు పడింది. గుర్రాలను వదులుకునే మనసేమో లేదు. ఏం చేస్తుంది పాపం, నవ్వేసి ఒక అబద్ధం ఆడేసింది.

"అయ్యో, అందులో ఏముందండీ! అది నడుస్తుంది, నేను కూర్చుంటాను. కుర్చీలో కూర్చున్నట్టే."

"కూర్చునే పనైతే సరే," అంది అత్తగారు. "కష్టమని ఎప్పుడనిపించినా మానెయ్యాలి మరి. మాటివ్వు."

వదిన మాటిచ్చింది.

అబ్బాయి ఒకరోజు బడికి వచ్చి చూశాడు కూడా. కంచె మీద మోచేతులానించి కాసేపు చూసి, "అదేంటి, నువ్వసలు ఏమీ చెయ్యట్లేదే!" అన్నాడు. వదినకు స్వారీ నేర్పిన ముసలి మాస్టారు పక్కనే ఉన్నాడు. ఆ మాట చెవినపడగానే ఆయన సంతోషం పట్టలేక అందరికీ టీ తెప్పించాడు. ఆ ఒక్క మాట అనిపించడానికే కదా ఆయన అన్నేళ్ళు ఆమె మీద గొంతు చించుకున్నది! మడమ కిందికి దించు. భుజాలు వదులు చెయ్యి. పగ్గాలు లాగకు, అలాగని వదిలెయ్యకు. గుర్రం వీపుతోపాటు నీ నడుమూ కదలాలి. చూసేవాడికి నువ్వు ఏమీ చెయ్యనట్టు కనపడాలి, అప్పటిదాకా దిగొద్దు. ఇవన్నీ ఆ అబ్బాయికి ఎవరు చెప్పొచ్చారు? అతను నిశ్చింతగా ఇంటికెళ్ళి, "నిజమేనమ్మా, ఊరికే కూర్చుంటుందంతే" అని సాక్ష్యం చెప్పాడు.

పెళ్ళయిపోయింది. అతనిది సామాన్లు మోసే పని. బీరువాలు, సోఫాలు, ఫ్రిజ్‌లు లారీలోంచి దించి జనం మేడల మీదికి చేరుస్తాడు. సాయంత్రం ఇంటికి రాగానే కుర్చీలో కూలబడతాడు. వదిన నీళ్ళు కాచి, నీలం టబ్బులో పోసి, ఆయన కాళ్ళ దగ్గర పెడుతుంది. ఆయన అందులో పాదాలు ముంచి, "హమ్మయ్య" అని కళ్ళు మూసుకుని, "నీ పనే నయమే, హాయిగా కూర్చునే ఉద్యోగం" అంటాడు. అది ఎత్తిపొడుపు కాదు. భార్య సుఖపడుతోందని ఆయనకు నిజంగానే సంతోషం. మంచివాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే వదిన ఏనాడో ఆ టబ్బు తీసి ఆయన నెత్తిన బోర్లించేది.

రోజంతా కూర్చుని వచ్చిన మనిషి కాబట్టి వంట ఆమెదే, గిన్నెలు ఆమెవే, బట్టలూ ఆమెవే. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు కిటికీ పక్కన కూర్చుని కూరగాయలు తరిగి ఇస్తుంది. నొప్పికి రాసుకునే మందును వదిన స్నానాలగదిలో కుళాయి తిప్పి ఉంచి తొడలకు పట్టించుకునేది. వాసన తెలియకుండా పైన సబ్బు దండిగా రుద్దుకునేది. మేడమెట్లు కమ్మీ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కేది. తలుపు దగ్గరి మలుపులో కాసేపు ఆగి, నడుం నిలబెట్టుకుని, మొహం సర్దుకుని, అప్పుడు తలుపు కొట్టేది. ఇన్నేళ్ళూ అలాగే నెట్టుకొచ్చింది.

ఈ ఏడు బడికి గోధుమరంగు కుర్రగుర్రం ఒకటి వచ్చింది. మనిషి బరువు ఇంకా సరిగ్గా ఎరగనిది, తన నీడను చూసి తనే జడుసుకునేది. బడి యజమానురాలు దాన్ని వదినకు అప్పగించింది. ఇన్నాళ్ళూ వదిన ఎక్కినవన్నీ వేరేవాళ్ళు తయారుచేసిన గుర్రాలు. మొదటి అడుగునుంచీ తన చేతుల్లో పెరగబోయేది ఇదొక్కటే. దాన్ని చూస్తే ఆమెకు కడుపు నిండిపోయేది. కానీ నడుం మొండికేసింది. గుర్రం దిగాక జీను పట్టుకుని నిలబడితే తప్ప అడుగు పడటం లేదు.

యజమానురాలు గుడ్డిది కాదు. "నడుం సంగతి చూసుకో. ఇలాగే వంగి నడిచావంటే దీన్ని ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది" అంది.

డాక్టరు చెప్పిందీ పెద్ద కష్టమైనదేం కాదు. స్వారీ చేసుకోవచ్చు, సాయంత్రాలు మాత్రం పని పెట్టుకోకుండా వెల్లకిలా పడుకోవాలి. ఎంత తేలిక! పడుకోవాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే కష్టమని ఒప్పుకున్నట్టే. కష్టమైతే మానెయ్యాలి, ఇచ్చిన మాట అది. చెప్పినా గుర్రం పోతుంది, చెప్పకపోయినా పోతుంది. కూర తాళింపు పెడుతూ రోజూ ఇదే ఆలోచించేది, దారి దొరికేది కాదు.

సరిగ్గా అప్పుడే అత్తగారికి సరదా పుట్టింది.

"ఇంట్లో కూర్చుని కూర్చుని విసుగొస్తోందే. నన్నూ ఒకసారి ఎక్కించు. ఎలాగూ కూర్చోవడమే కదా, ఇక్కడ కూర్చునేదాన్ని అక్కడ కూర్చుంటా."

"మీ మోకాళ్ళు..."

"నడిచేది అది కదే! నా మోకాళ్ళతో దానికేం పని?"

తన మాటే తన మెడకు చుట్టుకుంది. వదిన మొగుడి వైపు చూసింది. ఆయన టబ్బులో కాళ్ళు ఆడిస్తూ, "తీసుకెళ్ళవే, అమ్మకి కాస్త గాలి మారుతుంది" అన్నాడు. అయిపోయింది, ఇంకేం అంటుంది?

ఆదివారం అత్తాకోడళ్ళిద్దరూ బస్సెక్కి వెళ్ళారు. బడిలో పెద్దమ్మ అని ఒక ముసలి ఆడగుర్రం ఉంది. పక్కన కొంప అంటుకున్నా ముందు గడ్డి తినడం పూర్తిచేసి, తరవాత ఆలోచించే రకం. వదిన అత్తగారి తలకు హెల్మెట్ బిగించి, చెక్కమెట్ల మీదినుంచి జాగ్రత్తగా దాని మీద కూర్చోబెట్టింది. లాయం మనిషి ఒక పక్క, వదిన ఒక పక్క నిలబడ్డారు.

"ఓస్, ఇంతేనా!" అంది అత్తగారు, జనం వైపు మహారాణిలా చూస్తూ.

పెద్దమ్మ అడుగు వేసింది. నాలుగడుగులకి అత్తగారి మాట ఆగిపోయింది. నిద్రలో తప్ప ఆగని నోరది.

"ఇదేంటే, ఇలా ఊగుతోంది?"

"నడుస్తోంది, అత్తయ్యా."

"నడిస్తే ముందుకి పోవాలి గానీ పక్కకి పోతుందేం? ఆపు... వద్దులే, పోనీ."

"కాళ్ళు బిగించకండి."

"వదిలేస్తే పడిపోనూ!"

"బిగిస్తేనే ఎగరేస్తుంది. బిగించకుండా, వదలకుండా కూర్చోవాలి."

"బిగించకూడదు, వదలకూడదు, మరి ఏం చెయ్యమంటావే నన్ను?"

"అది తెలియడానికే నాకు ఏళ్ళు..." అనబోయి వదిన నాలుక కరుచుకుంది. అత్తగారు ఆమె వైపు ఒకసారి చూసి, జీను ముందుభాగాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఒక్క చుట్టు తిరిగి వచ్చేసరికి ఆవిడ మొహం కందిపోయింది, జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయింది. దించితే కాళ్ళు నిలబడలేదు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టారు. తొడలు ఆగకుండా వణుకుతుంటే ఆవిడ వాటిని అరచేతులతో అదిమిపట్టుకుంది.

వదినకు తన పని ఇంకా మిగిలే ఉంది. కుర్రగుర్రాన్ని బయటికి తెచ్చి ఎక్కింది. సగం చుట్టు బాగానే నడిచింది. అంతలో గాలి లేచి, గడ్డివాము మీది ప్లాస్టిక్ పట్టా ఒక్కసారి టపటపలాడింది. గుర్రం ఉన్నపళాన నాలుగు కాళ్ళూ ఎత్తి పక్కకు గెంతింది. దిగీ దిగగానే తల వంచి పరుగందుకోబోయింది. వదిన నడుం దానితోపాటే పక్కకు వెళ్ళి దానితోపాటే దిగింది. వేళ్ళు పగ్గాన్ని కాస్త బిగించి, వెంటనే వదిలాయి. గుర్రం రెండడుగులు తడబడి, ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలి, మామూలు నడకలో పడింది. కంచె దగ్గర పిల్లాడి కోసం కాచుకున్న ఒక తండ్రి ఫోన్‌లోంచి తలెత్తి, మళ్ళీ దించుకున్నాడు. ఆయన కంట్లో పడింది ఇంతే: గుర్రం కొంచెం పక్కకు జరిగింది, పైనున్నావిడ కూర్చునే ఉంది.

బల్ల దగ్గర అత్తగారు మాత్రం, నిలబడలేని కాళ్ళ మీద నిలబడి ఉంది. చెయ్యి గుండెల మీద ఉంది. గంట ముందైతే ఆవిడకూ ఏమీ కనిపించేది కాదు.

వదిన దిగి, జీను పట్టుకుని నడుం ఒప్పుకునేదాకా ఆగి, గుర్రాన్ని లాయం మనిషికి ఇచ్చి వచ్చింది.

"ఇదా కూర్చోవడం?" అంది అత్తగారు.

వదిన చేతులకంటిన దుమ్ము దులుపుకుంది.

"మొదట్నించీ ఇంతేనా?"

"మొదట్లో ఇంకా ఎక్కువ."

"చెప్పొద్దూ మరి!"

"చెబితే మానెయ్యమంటారని."

"అంటాను! అనకేం చేస్తాను? పడ్డ మనిషిని మంచంలో తిప్పిన చేతులివి. మళ్ళీ తిప్పమంటావా?" ఆవిడ రెండు చేతులూ చాపి చూపించింది.

వదినకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. "అత్తయ్యా, ఆ గోధుమది నాకు కావాలి. నా చేతుల్లో తయారవ్వాలి. ఆ తరవాత మీరు మానెయ్యమంటే మానేస్తాను..." అని ఆగి, చేతి వెనకతో ముక్కు తుడుచుకుంది. "లేదు. ఇదీ అబద్ధమే. మాననండీ."

"పద, బస్సు పోతుంది" అంది అత్తగారు. బస్సులో మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికెళ్ళగానే కొడుకుతో చెప్పేస్తుందని వదినకు రూఢి అయిపోయింది. కుర్రగుర్రం ఎవరికి వెళుతుందో కూడా ఆలోచించేసింది.

మేడమెట్లు ఇద్దరూ కమ్మీ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కారు. మలుపు దగ్గర అత్తగారు ఇక కదల్లేక ఆగింది. వదినా ఆగింది, అలవాటు కొద్దీ.

"నువ్వు రోజూ ఇక్కడేనా ఆగేది?" అంది అత్తగారు రొప్పుతూ.

"ఊఁ."

"అడుగుల చప్పుడు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయేది. నా మొహం చూడలేక, లోపలికి రాబుద్ధి కాక ఆగుతున్నావనుకున్నానే, ఇన్నాళ్ళూ."

 వదిన అత్తగారి చెయ్యి కమ్మీ మీంచి తీసి తన భుజం మీద వేసుకుంది. అలాగే మిగతా మెట్లు ఎక్కారు.

తలుపు తీసిన కొడుకు పెద్దగా నవ్వాడు. "ఏమ్మా, కుర్చీ ఎలా ఉంది?"

 అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడి, కొడుకుని ఎగాదిగా చూసింది.

"ఏముంది, కూర్చోవడమే. కానీ ఒరేయ్, గంటల తరబడి అలా కూర్చుంటే నడుం ఏమవుతుందో తెలుసా? కర్రైపోతుంది. ఒక్క పూటకే నా పని ఇలా అయింది. దీనికి ఇన్నేళ్ళనించీ అదే పని. నీదే నయం, హాయిగా అటూ ఇటూ తిరిగే ఉద్యోగం. లే, నీళ్ళు కాచు."

"నేనా?"

"కాదు, గుర్రం వచ్చి కాస్తుంది! ఇకనించి సాయంత్రాలు ఇది పడుకుంటుంది. వంట నువ్వూ నేనూ."

"బీరువాలు మోసొస్తానమ్మా నేను..."

"అందుకే అంటున్నా. గిన్నె ఎంత బరువని?"

ఆయన బుర్ర గోక్కుంటూ వెళ్ళి, నీళ్ళు కాచి, నీలం టబ్బు తెచ్చి పెట్టాడు. వదిన అందులో పాదాలు పెట్టింది. అత్తగారు పక్కన కుర్చీ లాక్కుని, "కాస్త జరుగు" అని తన కాళ్ళూ అందులోనే పెట్టింది. నీళ్ళు పొర్లి నేలంతా తడిసింది.

"కూర్చుంటే ఇంత నొప్పా?" అన్నాడు ఆయన తువ్వాలు పట్టుకుని, నమ్మలేనట్టు.

"నువ్వూ ఒకసారి వచ్చి కూర్చో, తెలుస్తుంది."

"వద్దత్తయ్యా, పెద్దమ్మ మొయ్యలేదు" అంది వదిన. చాలాకాలానికి ఆమెకు నవ్వొచ్చింది.

ఆయన గొణుక్కుంటూ వంటగదిలోకి వెళ్ళాడు. గిన్నెల మోత మొదలయ్యాక అత్తగారు గొంతు తగ్గించింది.

"ఆ గోధుమది గెంతిన రోజు నాకు చెప్పు. వాడికొద్దు, నాకు చెప్పు. ఆ రోజు నేనే మెట్ల దాకా వస్తాను."

"చెబుతాను," అంది వదిన.

లోపల్నుంచి ఉప్పు డబ్బా ఎక్కడుందని ఆయన అరిచాడు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.