అక్క రిమోట్‌కి వేసిన కొత్త వైరు

ఇన్నేళ్లుగా ఇది నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నా నోట్లో నువ్వుగింజ నానదని అక్క ఇప్పటికీ వెక్కిరిస్తుంది. ఈ ఒక్క గింజ ఎలా నానిందో ఆమెకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తెలుగులో రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్కకి తెలుగు చదవడం రాదు. రాయపూర్‌లో పుట్టి హిందీ బడిలో చదివింది. అమ్మ నాకొక్కడికే పట్టుబట్టి అక్షరాలు దిద్దించింది. ఈ కాగితం ఇంట్లో ఎక్కడ పడేసినా అక్క సర్ది బల్ల మీద పెడుతుందే తప్ప చదవలేదు. చూశారా, తప్పు ఒప్పుకోవడంలో కూడా నాకెంత జాగ్రత్తో.

మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. అమ్మానాన్నా పోయాక నన్ను చదివించింది అక్కే. పండరీ బట్టల బజారు నుంచి గుడ్డ తెచ్చి ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. అక్క కుట్టిన జాకెట్‌కి వంక పెట్టినవాళ్లని నేను చూడలేదు. రాయపూర్ రాజధాని అయిన కొత్తలో ఆటో తిరగబడి ఆమె కుడి మణికట్టు దగ్గర నరం తెగింది. ఆపరేషన్ చేసి కలిపారు. బొటనవేలు మాత్రం సరిగా కదల్లేదు. ఈ కొద్ది నెలల్లోనే రోజూ కసరత్తు చేయించాలి, ఆలస్యమైతే వేలు బిగుసుకుపోతుంది, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు అని డాక్టరు చెప్పాడు. శంకర్ నగర్‌లో ఫిజియోథెరపీకి వెళ్లేది. అక్కడ వేలు వంచుతుంటే నొప్పికి ఏడ్చేది.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. అటక మీద మా చిన్ననాటి టీవీ వీడియో గేమ్ ఉంది. రెండు చేతులతో పట్టుకుని ఆడేదాన్ని మేం రిమోట్ అనేవాళ్లం. దాని బొత్తాలు బొటనవేలితోనే నొక్కాలి. ఇంతకంటే మంచి కసరత్తు ఏముంటుంది? ఆడించండి, కానీ ఇక్కడికి రావడం మానకండి అన్నారు ఫిజియోథెరపీ వాళ్లు. రెండు రిమోట్లలో ఒకదాని బొత్తాలు అక్క వేలికి లొంగనంత గట్టివి, మెత్తటి బొత్తాలున్నదాని వైరు ఎలుకలు కొరికేశాయి. నేనప్పుడే రిపేరు పని నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. ఇదెంత పని అని బడాయి పోయాను.

లోపల ఐదు సన్న తీగలు. కొత్త వైరులోనూ ఐదే. ఎర్రదానికి ఎర్రది, తెల్లదానికి తెల్లది, రంగు చూసి అతికించేశాను. ఒక్కో కంపెనీ రంగులు ఒక్కోలా ఉంటాయని, మీటరు పెట్టి ఏ తీగ ఎక్కడికి పోతుందో చూశాకే అతకాలని నాకు నేర్పారు. మీటరు నా సంచిలోనే ఉంది. తియ్యడానికి బద్ధకం. స్విచ్ వేయగానే రిమోట్ లోంచి సన్నగా మాడు వాసన వచ్చింది. చిప్పు పోయింది. అక్క అప్పటికే చాప వేసుకుని, కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఎదురు చూస్తోంది.

కాలిపోయిందక్కా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆ చచ్చిన రిమోట్‌నే ఆమె చేతిలో పెట్టాను. పాతబడింది కదా, రెండూ తగిలిస్తేనే ఆట నడుస్తుందని చెప్పి, బాగున్న రెండోదాన్ని తువ్వాలు కింద పెట్టుకుని వెనకాల మంచం మీద కూర్చున్నాను. ఆమె వేలు కాస్త కదిలిందో లేదో నేను బొత్తాం నొక్కాను. తెర మీద బొమ్మ ఎగిరింది. అక్క వెనక్కి తిరిగి చూసింది. ఆ ముఖం ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. చిన్నపిల్లలా నవ్వింది.

ఆ ఒక్కరోజే అనుకున్నాను. మర్నాడు ఇంకో రిమోట్ కొని తెచ్చేద్దామనుకున్నాను. మర్నాడు అక్క పక్కింటావిడతో, మా తమ్ముడు బాగు చేశాడు, నా చెయ్యి తిరిగి వస్తోంది అని చెబుతోంది. ఆ మాట నాకెంత తియ్యగా ఉందో ఎలా చెప్పను? జాలి అనుకున్నాను దాన్ని. జాలేనా? అక్క సంతోషం కోసం చేశానని ఏళ్ల తరబడి నాకు నేనే చెప్పుకున్నాను గానీ, నన్ను పొగుడుతుంటే వినడం కోసం, పని చేతకాలేదని ఒప్పుకోవాల్సి వస్తుందన్న భయంతో ఆమె చేతిని పణంగా పెట్టాను. అనుమానం రాకుండా మధ్యమధ్య కావాలని ఓడిపోయేవాణ్ణి కూడా. ఆమె వేలు రోజురోజుకీ తక్కువ కదులుతోంది. నాకు కనిపిస్తూనే ఉంది. నేను మాత్రం బొమ్మని ఎగరేస్తూనే ఉన్నాను.

బొమ్మ చెప్పిన మాట వింటోంది, ఇంక రోజూ ఆ నరకం దేనికి అని అక్క శంకర్ నగర్ వెళ్లడం మానేసింది. నేను వద్దనలేదు.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి వేలు బిగుసుకుపోయింది. ఇంట్లో రోజూ చేశానని అక్క అంటే ఆయన నమ్మలేదు. చేసుంటే ఇలా అవదు అని కాగితం మీద ఏదో గీకి పంపేశాడు. తిరుగు దారిలో ఆటోలో అక్క నా వైపు తిరిగింది.

"డాక్టర్ నన్ను ఝూటీ అనుకున్నాడురా. నువ్వు చూసినావు కదా? నేను రోజూ చేసినాను కదా?"

"చేశావక్కా."

"మరి నా చెయ్యే నన్ను మోసం చేసిందన్నమాట."

మోసం చేసిన చెయ్యి ఆమె పక్కనే, ఆటో కడ్డీ పట్టుకుని ఉంది. కుట్టుమిషన్ కొన్నాళ్లు దుప్పటి కప్పుకుని ఉండి, తర్వాత ఎవరింటికో వెళ్లిపోయింది. అక్క ఎడమచేత్తో అన్నం కలపడం నేర్చుకుంది. నా రాత ఇంతే అంటుంది, అది ఆమె రాత అన్నట్టు.

ఈమధ్య ఆ రిమోట్ మళ్లీ చేతికి దొరికింది. ఎందుకు విప్పానో తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కదా. పాత సామాన్ల దుకాణంలో అలాంటి చిప్పే దొరికింది. ఈసారి మీటరు పెట్టి, ఒక్కో తీగా చూసి అతికించాను. బొమ్మ చక్కగా ఎగిరింది. టీ పట్టుకొచ్చిన అక్క చూసి మురిసిపోయింది. పక్కన కూర్చుని రిమోట్ అందుకుంది. బిగుసుకుపోయిన వేలిని బొత్తాం మీద పెట్టి, భుజమంతా వంచి నొక్కబోయింది. వేలు జారిపోయింది. బొమ్మ కదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించి, రిమోట్‌ని నా ఒళ్లో పెట్టేసింది.

"వైరు మళ్లీ ఖరాబ్ అయిపోయినట్టుందిరా. అప్పుడెంత బాగా వేసినావో."

టీ చల్లారిపోతుందని చెప్పి లేచి వెళ్లిపోయింది. ఆమె చదవలేని ఈ అక్షరాల్లోనైనా ఒకసారి అననివ్వండి. వైరు ఇప్పుడు బాగానే ఉందక్కా. అప్పుడే లేదు.