ముందు నీళ్లు

మా మేనత్త పోయింది. ఈ ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, శాలిబండలో మా దుకాణం మీది గదిలో, అన్నం తిని కుర్చీలో నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందని గల్లీ చివరి డాక్టరు వచ్చి చెప్పాడు. ఆ తర్వాత ఇంట్లో అందరికంటే ముందు మాట్లాడింది మా బాపు. ఏడవలేదు. "ఫ్యాన్ బంద్ చెయ్యి బిడ్డా" అన్నాడు.

చదివేవాళ్లకు ఇదేం మాట అనిపించవచ్చు. కళ్లు దానం చేయాలంటే మనిషి పోగానే ఫ్యాను ఆపాలి, గాలికి కంటిపొర, అంటే కార్నియా, ఆరిపోతుంది. రెప్పలు మూసి తడిదూది పెట్టాలి, తల కింద ఎత్తుగా దిండు పెట్టాలి, ఐబ్యాంకుకు ఫోన్ చేయాలి. టైము కొద్ది గంటలే. ఇదంతా మేనత్తే మాకు నేర్పింది, పచ్చడి పెట్టడం నేర్పినంత మామూలుగా. నేర్చుకున్న వాళ్లలో అందరికంటే శ్రద్ధగా విన్నది ఆమె తమ్ముడు, అంటే మా బాపు. బాపుకు ఏడేళ్ల వయసులోనే రెండు కళ్లూ పోయాయి.

మర్నాడు ఒక పేపర్లో చిన్న వార్త వేశారు. దృష్టి శాస్త్రంలో కొత్త దారి వేసిన శాస్త్రవేత్త, నిరాడంబరురాలు అని రాశారు. మొదటిది నిజం. రెండోది చదివి నాకు ఒళ్లు మండింది. గద్వాల చీరలంటే ఆమెకు ప్రాణం. తన పనిని ఎవరైనా చిన్నచూపు చూస్తే నిలబెట్టి లొల్లి పెట్టుకునేది. అన్నంలో ఉప్పు తక్కువైతే మొహం మాడ్చుకునేది. అట్లాంటి మనిషిని చచ్చిపోగానే సాధువును చేసేస్తే ఎట్లా?

గల్లీలో అందరికీ ఆమె డాక్టర్ ఆపా, అంటే డాక్టరక్క. ఎంత చెప్పినా వినకుండా కళ్లకలకకు మందు అడగడానికి వచ్చేవాళ్లు. "నేను మందులిచ్చే డాక్టర్ను గాదమ్మా, కండ్ల మీద చదువుకున్నదాన్ని" అంటూనే వాళ్ల రెప్పలు ఎత్తి చూసేది. మనం ఏదైనా చెబుతుంటే మన కళ్లలోకి రెప్ప వేయకుండా చూసేది. వింటోందని మురిసిపోతాం. వినేది కాదు, నల్లగుడ్డు అంచు చూసుకునేది.

ఆమె బతుకంతా ఆ అంచు మీదే గడిచింది. కంటి పైపొర అరుగుతున్నకొద్దీ కొత్త కణాలు ఆ అంచు నుంచే పుడతాయట. సున్నమో యాసిడ్డో పడి అది కాలిపోతే ఇక కొత్త పొర పుట్టదు, ఎర్రటి కండ కమ్మి చూపు మూసుకుపోతుంది. ఒక కన్ను కాలి ఇంకో కన్ను బాగున్నవాళ్లకు, ఆ బాగున్న కంటి అంచు నుంచి చిన్న తునక తీసి, దాన్ని పొరగా పెంచి కాలిన కంటికి వేయించేది. ఆపరేషన్ సర్జన్లు చేసేవాళ్లు, పొర ఈమె పెంచేది. ఆమె మొదలుపెట్టినప్పుడు ఈ పని చేసేవాళ్లు ఎక్కడా ఎక్కువమంది లేరు. కణాలు పెంచే గిన్నెలకు గిన్నెలు పాడయ్యేవి. "నిన్న చేసిన తప్పే ఇయ్యాల చేస్తే ఎట్ల, కొత్త తప్పన్న చెయ్యాలె" అని తన దగ్గర చదువుకునే పిల్లలను కోప్పడేది.

కణాలు పెరగడానికి మెత్తటి పరుపు కావాలి. కాన్పయ్యాక పడే మాయ మీద ఉల్లిపొర లాంటి పొర ఒకటి ఉంటుంది, అదే ఆ పరుపు. మా వైపు మాయను పారేయరు, ఇంటికి తీసుకుపోయి పూడుస్తారు. అందుకని కాన్పుల ఆసుపత్రిలో ఈమెకు రోజూ పంచాయితీ ఉండేది. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. బాలింత సరే అంది గానీ, జహనుమా నుంచి వచ్చిన ఆమె అత్త ససేమిరా అంది.

"మాయ నీదే అవ్వా, తీస్కపో, పూడ్చుకో. దాని మీది పొర ఒక్కటియ్యి" అంది మేనత్త.

"పొరతోని ఏం జేస్తవ్? మంత్రాలు గిట్ల చేస్తవా ఏంది?"

"ఒక పిల్లకు కన్ను కాలింది. ఆ కంటికి పరుపేస్త."

ముసలామె పొత్తిళ్లలోని మనుమడి వైపు చూసింది. "పరుపా? మా మనుమడు పండిందే గద. మంచిగ నిద్ర పట్టే పరుపే. తీస్కో" అంది. మేనత్త ఆ మాట తలుచుకుని ఆటోలో ఇంటిదాకా నవ్వుతూనే ఉంది, ఒళ్లో ఐసు డబ్బా పెట్టుకుని.

ఇక అసలు సంగతి చెప్పాలి. మాది సున్నం దుకాణం. తాత కాలంలో సున్నం, జాజు, నీలిమందు, కుంచెలు అమ్మేవాళ్లం. ఇప్పుడు డబ్బాల రంగులు కూడా వచ్చాయి, గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటున్నాను. వెనక పెరట్లో సున్నపు రాళ్లు పోసి నీళ్లు గుమ్మరించే తొట్టి ఉండేది. నీళ్లు పడగానే రాళ్లు బుసబుసమని ఉడికేవి. సున్నం మీద నీళ్లు పడితే కాలుతుందన్నది మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు నేర్పే పాఠం.

బోనాల ముందు, సున్నాలు వేసే రోజుల్లో, తొట్టి పక్కన ఆడుకుంటున్న బాపు మీద సున్నపు పొడి గంప ఒరిగింది. రెండు కళ్లలోనూ పడింది. పదేళ్ల మేనత్త చెంబెడు నీళ్లు పట్టుకుని ఉరికొచ్చింది. తాత ఆ చెంబును చేతితో కొట్టి పడేశాడు. "నీళ్లు పొయ్యకే! సున్నం ఉడుకుతది, కండ్లు పోతయ్!" అని అరిచాడు. ఆముదం తెచ్చి కళ్లనిండా పోశారు. రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరు మొదట అడిగింది నీళ్లతో కడిగారా అనే. తాత చేతులు కట్టుకుని, కొంచెం గర్వంగానే చెప్పాడట: "లేద్సార్. చుక్క నీళ్లు తగలనియ్యలే."

ఈ మాట మేనత్త నాకు ఒక్కసారే చెప్పింది. తాత మీద నాకు కోపం వచ్చిందని గమనించి, "ఆయన్ననకు. సున్నం గురించి మీ తాతకు తెల్వనిది లేదు. కంటి గురించే తెల్వదు. కంట్ల ఎప్పటికీ తడి ఉంటది బిడ్డా, పడ్డ సున్నం ఆ తడితోనే ఉడుకుడు షురువైతది. ఆపాలంటే ఇంకా నీళ్లే గావాలె, బిందెలకు బిందెలు" అంది. తన అరచేయి చూసుకుంటూ, "చెంబు నా చేతులనే ఉండె" అంది.

అందుకే ఆమె నోట ఎప్పుడూ ఒకటే మాట. పాన్ డబ్బాల వాళ్లకు, సున్నాలేసే కూలీలకు, బడిపిల్లలకు, పెళ్లిళ్లలో పక్కన కూర్చున్న వాళ్లకు కూడా, ముందు నీళ్లు, తర్వాతే డాక్టరు. ఉర్దూ వాళ్లతో "పహలే పానీ, బాద్ మే డాక్టర్" అనేది. మా దుకాణం గుమ్మంలో నీళ్ల డ్రమ్ము ఒకటి పెట్టించింది, పైన మగ్గు. దాహమేసి ఎవరైనా ముంచుకోబోతే తిట్టేది. పొద్దున్నే ఆ నీళ్లు మార్చాకే ల్యాబుకు పోయేది.

ఆమె పద్ధతితో ఎందరికో చూపు వచ్చింది. మా బాపుకు రాలేదు. ఆ పద్ధతికి బాగున్న కన్ను ఒకటుండాలి, బాపుకు రెండూ పోయాయి. ఏ కళ్ల కోసం ఆ చదువు చదివిందో ఆ కళ్లకే అది పనికి రాలేదు. నేను కాలేజీలో ఉన్నప్పుడు, తోడబుట్టిన వాళ్ల కంటి నుంచి తునక తీసి చూద్దామని సర్జన్లు అన్నారు. మేనత్త తన కంటి నుంచే ఇచ్చింది. ఒంటికి పరాయిది కాబట్టి ఒళ్లు దాన్ని తోసేయకుండా బాపు గట్టి మందులు మింగాలి. మింగాడు. బాపు ఒక కంట్లో ఆ పొర నిలిచింది. తర్వాత ఎవరో పోయినవాళ్ల కంటిపొర కూడా వేశారు.

కట్టు విప్పిన రోజు బాపు మొదట చూసింది అక్కను. "అక్కా, నువ్వేనా? గింత ముసల్దానివైనవేందే" అన్నాడు. ఆయన కళ్లలో ఆమె ఇంకా పదేళ్ల పిల్లే మరి. మేనత్త పడీపడీ నవ్వింది. నన్ను చూసి, "నీ గొంతుకు ఇంకో మొఖం అనుకున్న" అన్నాడు. ఆ చలికాలమంతా దుకాణంలో రంగుపొడులు కాగితాల మీద పోసుకుని కూర్చునేవాడు. నీలిమందు ముందు మరీ ఎక్కువసేపు. గిరాకీ వస్తే విసుక్కునేవాడు.

ఎండలు మొదలయ్యేసరికి కన్ను ఎర్రబడి, చూపు మళ్లీ మసకబారింది. బాపు చెప్పలేదు. ఒకరోజు మెట్ల మీద ఎదురైన మేనత్త, "గోడ వట్టుకోని దిగుతున్నవేంది తమ్మీ?" అంది. "ఊకెనే" అన్నాడు బాపు. ఆమె అక్కడే మెట్టు మీద నిలబెట్టి రెప్ప ఎత్తి చూసింది, ఒళ్లు ఆ పొరను తోసేసింది.

ఇంకోసారి చేద్దామన్నాడు బాపు. ఆమె వద్దంది. ఆ మందులకు అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి, మళ్లీ చేస్తే మనిషే దక్కడు. బాపు వినలేదు. "ఊరందరి కండ్లు నీకు దొర్కినయ్. నా కండ్లే దొర్కలే" అన్నాడు. ఆరోజు ఆదివారం. కణాలకు ఐతారం ఉండదని మేనత్త నాతో చెప్పి ల్యాబుకు వెళ్లిపోయింది.

తర్వాత చాలా కాలం వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఒకే ఇల్లు, ఒకే వంట. "మీ అత్తకు చెప్పు", "మీ బాపుకు చెప్పు" అంటూ మధ్యలో నా ప్రాణం తీశారు.

మాటలు కలిసింది కూడా సున్నం వల్లే. దుకాణం ముందు బస్తా దించుతుంటే పగిలి ఒక హమాలీ మొహం మీద పడింది. అరుపు వినగానే బాపు గల్లాపెట్టె దాటుకుని ఆ గొంతు వైపు ఉరికాడు. హమాలీ చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చి, డ్రమ్ము పక్కన కూర్చోబెట్టి, మగ్గు మీద మగ్గు పోశాడు. ఆ మనిషి కాలుతోందని గింజుకుంటుంటే మెడ మీద మోకాలు పెట్టి మరీ పోశాడు. మేనత్త మీది నుంచి దిగి వచ్చేసరికి గుమ్మమంతా తెల్లటి మడుగు. హమాలీ రెప్పలు ఎత్తి చూసింది. అంచు బాగుంది.

"ఎంతసేపు పోసినవ్?" అని అడిగింది బాపును.

"నువ్వొచ్చేదాంక."

హమాలీని ఆటోలో ఆసుపత్రికి పంపించాక, తడిసిన గుమ్మం మీదే, గద్వాల చీరతోనే, తమ్ముడి పక్కన కూర్చుంది. "ఛాయ్ తాగుదాం పా తమ్మీ" అంది. ఆమెకు ఎన్ని శాలువాలు కప్పారో నేను చూశాను. ఏ సభలోనూ ఆ మొహం చూడలేదు.

మళ్లీ ఆ మధ్యాహ్నానికి వస్తాను. ఐబ్యాంకుకు ఫోన్ చేశాను, వస్తున్నామన్నారు. గదిలో ఉక్క. వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఫ్యాను స్విచ్చు దగ్గరికే పోతున్నారు. కిషన్‌బాగ్ పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న వరసయ్యే పెద్దాయన, కళ్ల మాట విని మండిపడ్డాడు. "కండ్లు దీసి పంపుతర్రా? వచ్చే జన్మల గుడ్డిగ పుడ్తది. ఆడివిల్లకు గా గతి పట్టిస్తవా?"

బాపు తల తిప్పలేదు. "వచ్చే జన్మ సంగతి నాకు తెల్వదన్నా. ఈ జన్మల గుడ్డోణ్ణి నేనున్న. గుడ్డితనం గురించి ఏమన్న అడిగేదుంటే నన్నడుగు" అన్నాడు. ఆ తర్వాత స్విచ్చు జోలికి ఎవరూ పోలేదు.

"డ్రమ్ముల నీళ్లు తే బిడ్డా" అన్నాడు బాపు నాతో. పొద్దున ఆమె మార్చిన నీళ్లే. చెంబుతో తెచ్చాను. బాపు అక్క తల దగ్గర కూర్చుని, వేళ్లతో రెప్పలు వెతుక్కుని, దూది ముంచి పెట్టాడు. ఆరుతోందనిపిస్తే తీసి మళ్లీ ముంచాడు. బయట రోడ్డు జామైంది, వాళ్ల బండి చార్మినార్ అవతలే ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. బాపు చెమటతో తడిసిపోయాడు. తన మొహం తుడుచుకోలేదు, దూది మాత్రం ఆరనివ్వలేదు.

చివరికి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి డబ్బా పట్టుకుని వచ్చారు. అందరినీ బయటికి పంపి పని ముగించారు. "పొర చాలా బాగుంది సార్, ఎవరు తడిపారో గానీ" అంది ఆ అమ్మాయి. ఎవరికి పెడతారని బాపు అడిగాడు. చెప్పకూడదు సార్ అంది. బాపు తలూపాడు.

వాళ్లు వెళ్లిపోయాక ఎవరో ఫ్యాను వేశారు. స్నానానికి నీళ్లు కాగుతున్నాయి, పాడె కట్టేవాళ్లు కింద అరుచుకుంటున్నారు. నేను గదిలోకి వెళ్లేసరికి బాపు మళ్లీ అక్క తల దగ్గరే ఉన్నాడు. దూది ముంచి, పిండి, ఆ మూసిన రెప్పల మీద పెడుతున్నాడు. ఆరకముందే తీసి మళ్లీ ముంచుతున్నాడు. ఇక వాటికి తడి అక్కర్లేదు, అయినా చెంబును ఆయన చేతికి దగ్గరగా జరిపాను.

చెంబు అడుగున చేతికి నీళ్లు తగలకపోయేసరికి తలెత్తాడు. "ఇంకిన్ని నీళ్లు తే బిడ్డా" అన్నాడు.

తెచ్చాను.