రెండోసారి కత్తిరించిన రిబ్బను

చరిత్రను రాజులు తయారుచేస్తారని బడిలో చెప్పారు గానీ, మైకు కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు తెలిసిన చరిత్రంతా మా లోకల్ చానెల్ ఇన్‌ఛార్జిగారి ఫోనులోంచే వచ్చేది. సూర్యాపేట జిల్లా అవుతున్న రోజు పొద్దున్నే ఆయన ఫోను చేసి దాన్ని ఖరారు చేశారు. "ముందుగాల కోదాడల సంబురం తీయి. ఆడికెల్లి సూర్యాపేటకు రా. రిబ్బన్ కటింగ్ విజువల్ లేకుంటే రేపటి సంది నువ్వు రాకు." ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు. మా ఊరు మోతెలో అమ్మ అప్పటికే నన్ను టీవీ సారని ఊరందరికీ చెప్పేసుకుంది. ఇక నా పరువంతా ఆ రిబ్బను మీదే ఉంది.

నాతో వచ్చిన కెమెరామన్‌ది మిర్యాలగూడ. (తమ ఊరు జిల్లా కాలేదని అలిగి ఉన్నాడు, ప్రభుత్వం మీద చూపించలేని అలక నా మీద చూపించాడు.) మేం వెళ్ళేసరికే కోదాడలో సంబరం అయిపోయింది. మళ్ళీ చేయమని బతిమాలితే టీకొట్టాయన, "టపాసులన్నీ కాల్చేశామండీ, కావాలంటే చప్పట్లు కొడతాం" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎంతో ఉదారంగా కొట్టారు కూడా. అది తీసి, కెమెరామన్ టీ గ్లాసు పట్టుకు కూర్చున్నాడు. "అన్నా, జర జల్ది లే" అంటే, "మా ఊరికి జిల్లా ఇయ్యలే. మీ జిల్లాకు నేనెందుకు ఉరకాలె?" అని ఇంకో టీ చెప్పాడు.

సూర్యాపేట చేరేసరికి కొత్త కలెక్టరు కార్యాలయం ముందు చరిత్ర ఖతమై భోజనాలు మొదలయ్యాయి. కత్తిరించిన రిబ్బను ముక్కలు కార్యకర్తల జేబుల్లోకి పోయాయి. ఏడుపొక్కటే తక్కువ నాకు. రిబ్బను కత్తిరించి, తినేసి చేయి కడుక్కుంటున్న నాయకుడి దగ్గరికి పోయి, "సార్, ఇంకోసారి..." అన్నాను. "ఐపోయింది గద తమ్మీ, పోయి బువ్వ తిను" అన్నాడాయన. "విజువల్ లేకుంటే నా కొలువు పోతది సార్" అన్నాను. ఆయన నన్నోసారి చూసి, కండువా సర్దుకుని, "గట్లనా? మరి మొఖం మంచిగ వస్తదా?" అన్నాడు. ఎవరిదో పూలబొకేకు చుట్టిన రిబ్బను విప్పాం. అది గుమ్మానికి చాలలేదు. పట్టుకోవడానికి మనుషులూ లేరు, అందరూ బిర్యానీ ప్లేట్లు పట్టుకుని ఉన్నారు. చివరికి ఒక కొసను అటెండరు, రెండో కొసను నేను పట్టుకున్నాం. అంతసేపూ అలిగిన మా కెమెరామన్‌కు సరిగ్గా అప్పుడే కళాహృదయం మేల్కొంది. వెలుతురు చాలలేదని, కత్తెర కనబడలేదని మళ్ళీ మళ్ళీ కత్తిరింపజేశాడు. రిబ్బను పొట్టిదవుతున్నకొద్దీ నేను నాయకుడికి దగ్గరవుతూ పోయాను.

సాయంత్రం అదంతా 'ప్రత్యక్ష ప్రసారం' అనే వేశారు. (మా చానెల్లో ప్రత్యక్షమంటే అదే రోజు అని అర్థం.) అమ్మ ఫోను చేసి, "బిడ్డా, జిల్లా ఇచ్చుడుకు నిన్నే పిలిచిండ్రా?" అంది.

ఏటా జిల్లా పుట్టినరోజుకు ఇప్పటికీ ఆ వీడియో ముక్కే వేస్తారు. నాయకుడి భుజానికి ఆనుకుని, కొలువు నిలబడిందని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న బక్కపిల్లాడు నేనే. అసలు కత్తెర పడినప్పుడు జనం ఎలా కేరింతలు కొట్టారో నేను చూడనే లేదు. ఆ లోటు ఇప్పటికీ ఉంది. మొన్న మా అమ్మాయి టీవీలో అది చూసి, "నాన్నా, జిల్లా వచ్చిందని గంత సంబురపడ్డవా?" అని అడిగింది. అవునన్నాను. తెర మీద ఆ పిచ్చోడి నవ్వు చూస్తుంటే, అబద్ధమాడుతున్నానని నాకే అనిపించలేదు.