గుడ్ రిస్క్ కావాలని నేనాడిన అబద్ధం

పెద్దపల్లిలో నాది కుట్టుపని. ఆ రోజు లాగు కుట్టడం సగంలో ఉండగానే మిషను తొక్కే కాళ్లు ఆగిపోయాయి, ఊపిరి అందలేదు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. కొన్నాళ్లకు దగ్గితే నెత్తురు పడింది. క్షయ అంటారని రుమాలులో దాచాను. మూడు దిండ్లు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాణ్ణి.

హైదరాబాదు ఆసుపత్రిలో ఎక్స్‌రే, ఈసీజీ తీసి ‘మైట్రల్ స్టెనోసిస్’ అన్నారు. గుండెలో ఇరుకైన వాల్వును ఆపరేషన్ చేసి వెడల్పు చేయాలి. నా బడి నాలుగో తరగతితో ఆగింది గానీ, మా గ్రంథాలయంలోని వైద్య పుస్తకాలన్నీ చదివాను. ఆపరేషన్ తర్వాత ఎలాంటివాళ్లు ఇంటికి రారో ఒక దాంట్లో ఉంది: పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు. రెండూ నాకున్నాయి. తెలిస్తే తిప్పి పంపుతారని, వాపు తగ్గడానికి రెండు రోజులు కాళ్లు ట్రంకుపెట్టె మీద పెట్టుకుని కూర్చున్నాను.

“మెట్లెక్కుతావా?” అన్నారు డాక్టరు.

“రెండంతస్తులు ఎక్కుత సార్.”

“పడుకుంటే?”

“మంచిగ నిద్ర పడ్తది.”

“గుడ్ రిస్క్. ఆపరేషన్ తట్టుకుంటవ్. సోమవారం చేద్దాం.”

తలుపు దగ్గరున్న మా అవ్వ, నా కన్నతల్లి, ముందుకొచ్చింది. “ఏం నిద్ర సారూ? మూడు మెత్తలేసుకొని గోడకు కూసుంటడు. నెత్తురు రుమాల్ల దాస్తడు. పిండేది నేనే గద.”

“ఊకో అవ్వా, నీకు తెల్వది.”

“బుక్కులు నీకు తెలుసు బిడ్డా. మెత్తలు నాకు తెలుసు.”

డాక్టరు కలం పక్కన పెట్టారు. “ఇది పాసయ్యే పరీక్ష కాదు. నువ్వు తట్టుకుంటవో లేదో నీ జవాబుల మీదనే అంచనా వేస్త. ఇట్లనే కోస్తే వార్డుకు తిరిగొస్తవని చెప్పలేను.”

ఆపరేషన్ వాయిదా పడింది. గుండెకు బలమిచ్చే డిజిటాలిస్ గోళీలు, వాపు దిగే ఇంజెక్షన్లు, ఉప్పు లేని జావ. ఆ సోమవారం నా వంతు పక్క మంచం అతనికిచ్చారు. అతనూ గుడ్ రిస్కే. తిరిగి రాలేదు. సాయంత్రం అతని భార్య వచ్చి చెంబు, దుప్పటి సర్దుకుంటుంటే నేను గోడ వైపు తిరిగాను.

ఆ తర్వాత డాక్టరు అడిగినప్పుడల్లా ఏదీ దాచకుండా చెప్పాను. ఐదు వారాలకు నా పేరు పిలిచారు.

“బతుకుతనా సార్?”

“ఇప్పుడు నిజం చెప్తున్నవ్ గనుక నేనూ నిజమే చెప్త. భయముంది. మొన్నటంత లేదు.”

తెలివి వచ్చేసరికి ఛాతీ పక్కన నిప్పు పెట్టినట్టుంది. పదో రోజు డాక్టరు నన్నేమీ అడగలేదు, అవ్వ వైపు తిరిగారు. “ఎన్ని మెత్తలమ్మా?”

“ఒక్కటే సారూ.”

ఇప్పుడు మళ్లీ మిషను తొక్కుతున్నాను, మధ్యమధ్య ఆగుతూ. ఆసుపత్రికి పోయేటప్పుడు మీరు నిద్రపోవడం చూసిన మనిషిని వెంట తీసుకుపోండి. డాక్టరు అడిగితే ముందు ఆ మనిషిని చెప్పనివ్వండి.