గింజ వేరు, పెంకు వేరు

మా పెద్దమ్మ పోయింది. పుంగనూరు నుంచి కబురు మా ఫ్యాక్టరీ ఆఫీసు ఫోనుకు వచ్చింది. నేను కుప్పంలో గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టే పని చేస్తాను. ఆ మిషన్ల చప్పుడులో మేస్త్రీ నా చెవి దగ్గరికి వచ్చి అరిచి చెప్పాడు. "మీ పెద్దమ్మ పోయిందంటప్పా! పనికాడి నుంచి వచ్చి పండుకునిందంట, మళ్ల లెయ్యలేదంట. పో, బస్సు పట్టుకో." చావు కబురు అరిచి చెప్పాల్సి వచ్చిందే అని ఆయన తల వంచుకున్నాడు.

తల వంచుకోవలసింది నేను. నాకు మొదట తోచింది ఆమె గురించి కాదు. "ఇంక నాకు తలనొప్పి వస్తే ఎవరున్నారు?" అనుకున్నాను. పలమనేరు దాకా బస్సులో ఆ మాటే నన్ను కొరుకుతూ వచ్చింది. పెద్దమ్మ చచ్చిపోతే నాకు నా తలే గుర్తొచ్చింది.

పోయినవాళ్లనల్లా దేవతలను చేసే రాతలంటే నాకు ఒళ్లుమంట. మా పెద్దమ్మ దేవత కాదు. మా అమ్మకు అక్క. చింతపండు మండీకి పోయీ, కాయలు ఇంటికి తెచ్చుకునీ, పెంకు కొట్టి, ఈనె పీకి, గింజ తీసి ఇచ్చే కూలి మనిషి. నోట్లో ఎప్పుడూ వక్కాకు. అది ఉమ్మిందంటే తిట్టబోతోందని అర్థం.

నా తలనొప్పి సంగతి చెప్పకుండా ఆమె గురించి చెప్పలేను. అది ఒకే పక్క వస్తుంది. కాల్చిన చువ్వ దింపినట్టు ఉంటుంది. కొన్ని వారాలపాటు రోజూ అదే వేళకు వచ్చి, తర్వాత నెలల తరబడి జాడ ఉండదు. ఒకసారి ఫ్యాక్టరీలోనే తట్టుకోలేక చల్లటి రాయికి నుదురు ఆనించాను. ఆనించి ఆనించి, చివరికి దానికే తల కొట్టుకున్నాను. అందరూ పని ఆపి చూశారు. "తలకాయ నొప్పికే ఇంత రాద్ధాంతమా? మొగోడివి కాదా?" అన్నారు. నయమయ్యేదాకా రావద్దని ఓనరు పంపించేశాడు. ఆ సిగ్గు ఇప్పటికీ నా మీద రాతిపొడిలా ఉంది. ఎంత కడిగినా పోదు.

మదనపల్లె ఆసుపత్రిలో తలకు ఫోటో తీసి, లోపల గడ్డేమీ లేదన్నారు. మాత్రలు రాసిచ్చారు. "గడ్డ లేకపోయినా నొప్పి నిజమే" అని కూడా చెప్పింది డాక్టరమ్మ. ఆ రెండో మాట మా వాళ్లెవరి చెవికీ ఎక్కలేదు. గడ్డ లేదంటే నాటకమేనని తేల్చేశారు. "వాత పెట్టిస్తే కుదురుకుంటాడు" అన్నాడు మా మామ. అప్పుడే పెద్దమ్మ నన్ను పుంగనూరుకు పిలిపించుకుంది.

నొప్పి వచ్చిన వేళకు ఆమె వసారాలో కాయలు కొడుతోంది. నేను గోడ పక్కన ముడుచుకుని మూలుగుతున్నాను. ఆమె నా నుదురు పట్టలేదు, అయ్యో అనలేదు.

"యాడ నొస్తాంది?"

"తల్లో."

"తల నాకూ ఉండాది. తల్లో యాడ?"

"ఎడం కంటి యెనక."

"ఎంత ఉండాది?"

నాకు మండింది. "చింతగింజంత! సాలా?"

"సాలు. ఇంగేముండాది?"

"ఇంగేముంటాది? సస్తాండా!"

"సచ్చేది తర్వాత సూద్దాం. ఇంగేముండాదో సెప్పు."

చెప్పాను. ఓనరు మళ్లీ పనిలో పెట్టుకోడని. రేపు ఇదే వేళకు మళ్లీ వస్తుందని. మామ అన్న మాట.

ఆమె ఒక కాయ తీసుకుని తట్టింది. "ఓనరు నీ కంటి యెనక ఉండాడా?"

"లేడు."

పెంకు ఒలిచి పక్కన పడేసింది. "రేపు అనేది ఆడ ఉండాదా?"

"లేదు."

ఇంకో ముక్క పెంకు పడింది. "మీ మామ?"

"వాడు యాడా ఉండొద్దు!"

నవ్వి ఈనె పీకేసింది. గింజ తీసి నా అరచేతిలో పెట్టింది. "ఇదిరా నీ నొప్పి. దీన్ని నేను తియ్యలేను, నువ్వు కొరకలేవు. మాత్ర మింగు. అది పని చేసేదాకా దీన్ని ఊరికే పట్టుకో. నువ్వు పెంకూ ఈనే అన్నీ కలిపి నములుతాండావు. నోరు గీసుకుపోక ఏమైతాది?"

నొప్పి తగ్గిందా అని అడుగుతారు. పిసరంత కూడా తగ్గలేదు. కానీ ఆ పూట నేను గోడకు తల కొట్టుకోలేదు. అంతే. ఆ 'అంతే' పట్టుకునే మళ్లీ కుప్పం పోయి పనిలో నిలబడ్డాను.

ప్రతిసారీ కుదరలేదు. ఒకసారి పుంగనూరు పోయినప్పుడు ఆమె అడగకముందే అరిచాను. "గింజ కాదు, బండ!"

"అయితే బండే. దాని కింద ఉండావా, పక్కన ఉండావా?"

చాలాసేపు చూసుకుని, "పక్కనే" అన్నాను.

"అట్లయితే పక్కనే కూసో."

ఇది విని పక్కింటామె తన మోకాలికి కూడా ఏదైనా చెప్పమని వచ్చింది. పెద్దమ్మ వక్కాకు ఉమ్మి, "నీకు పెంకే లేదు, అంతా గింజే. పోయి డాక్టరుకు సూపించు, పో!" అని తరిమింది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే "నాకూ తలకాయ ఉండాది కదరా" అంది. ఆ మాట వెనక ఎన్నేళ్ల నొప్పి ఉందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆడది నుదుటికి గుడ్డ బిగించి పనికి పోతే, పనికి పోయిందనే అంటారు మా ఇళ్లలో. ఆ గుడ్డ ఎందుకని అడిగేవాడు లేడు. అడగని ఇంట్లోనే నేనూ పెరిగాను.

పాడె లేపే వేళకు నా నొప్పి వేళ అయింది. ఎడమ వైపు ముందు కర్ర నా భుజం మీద పెట్టారు. ఈ నొప్పి వచ్చిందంటే ఆ పక్క కన్ను ధారగా కారుతుంది. అది నా చేతిలో లేదు. వీధిలో ఆడవాళ్లు, "పెద్దమ్మంటే పానం పాపం, సూడు ఎట్లా ఏడుస్తాండాడో" అన్నారు. మామ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసి, "ఏడువప్పా, ఏడువు" అన్నాడు. నొప్పికి ఏడ్చినప్పుడు నాటకమన్న మనిషి ఇప్పుడు నమ్మాడు. నేను కాదని చెప్పలేదు. నా కన్నీళ్లు ఆమె కోసం కావు, ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. ఆ సిగ్గుతోనే నడిచాను.

ఇంకేముందని నన్ను నేనే అడిగాను. మామ మీద కోపం ఉంది. రేపటి భయం ఉంది. ఈ సిగ్గు ఉంది. ఒక్కొక్కటి కంటి వెనక వెతికాను, లేవు. పక్కన పెట్టాను. అన్నీ పెట్టేశాక నొప్పి ఒక్కటే మిగలాలి కదా. ఇంకొకటి కూడా మిగిలింది. అది తలలో లేదు, భుజం మీద ఉంది. పాడె బరువు. మనిషి అంత తేలికగా ఉంటుందని నేను అనుకోలేదు. వెదురు బరువే తప్ప ఆమె బరువు తెలియడం లేదు.

దారి మధ్యలో వెనకనుంచి ఎవరో అన్నారు. "నువ్వు అలిసిపోయినావు, భుజం మార్చుకుంటాం, ఈ పక్కకి రాప్పా."

"వద్దు" అన్నాను. కర్రను మెడకు ఇంకా దగ్గరగా జరుపుకుని, ఆమె బరువు ఎక్కడుందో వెతుక్కుంటూ నడిచాను.