అల్లుణ్ణి ఔటిచ్చిన చిన్నాయన

మా చిన్నాయన పోయిన వారం ఇటిక్యాలలో కన్నుమూశాడు. ఫోన్‌లో కబురు విని ఏడ్చాను. ఊరికి వెళ్లాక మాత్రం కోపం వచ్చింది. అక్కడ క్రికెట్ మైదానం గోడకు ఊరి గొప్ప ఆటగాళ్ల ఫ్లెక్సీలు కడతారు. చిన్నాయనది కూడా కట్టమంటే ఇప్పటి కెప్టెన్ నసిగాడు.

"అక్కా, మీ చిన్నాయన ఏనాడన్న యాభై కొట్టిండా? ఫొటో కింద ఏం రాయాలె?"

కొట్టలేదు, నిజమే. అందరికంటే ఆఖర్న బ్యాటింగుకు దిగేవాడు. "నా చాయ పక్కకు పెట్టుండ్రి, సల్లారక ముందే వస్త" అనేవాడు. అన్నట్టే వచ్చేవాడు.

కానీ మా పల్లె మ్యాచుల్లో బయటి అంపైర్ ఉండడు. బ్యాటింగ్ జట్టు మనిషే అంపైర్‌గా నిలబడి తనవాళ్లను ఔటివ్వాలి. ఎవరిస్తారు? సగం మ్యాచులు కొట్లాటతోనే ముగిసేవి. చిన్నాయన నిలబడితే మాత్రం అవతలి జట్టు నోరెత్తేది కాదు.

నా పెళ్లయిన కొత్తలో పాన్‌గల్ జట్టుతో ఫైనల్ జరిగింది. కల్వకుర్తి నుంచి వచ్చిన కొత్త అల్లుడని ముచ్చటపడి మా ఆయన్ని ఆడించారు. బాగానే ఆడాడు. ఆఖరి ఓవర్లో మమ్మల్ని గెలిపించే రెండో పరుగుకు ఉరికాడు. అటునుంచి బంతి వచ్చి వికెట్లకు తగిలింది. అంపైర్‌గా ఉన్న చిన్నాయన వేలెత్తాడు. కప్పు పాన్‌గల్‌కు పోయింది.

ఇంట్లో కొత్త అల్లుడు అన్నం ముందు మూతి ముడుచుకొని కూర్చున్నాడు. మా అమ్మ మరిదిని దులిపేసింది. "అల్లునికి చేసే మర్యాద గిదేనా?"

చిన్నాయన కోడికూర గిన్నె తెచ్చి తనే వడ్డించాడు. "ఇంట్ల అల్లునివి, ఎంత కూరనన్న ఏస్త. ఆడ గీత దాటలే నువ్వు. నేనేం జెయ్యాలె?"

ఊరు తిట్టినా, ఇల్లు తిట్టినా ఆ వేలు దించనివాడు గొప్ప ఆటగాడు కాకపోతే మరెవరు? సిక్సర్లు కొట్టినవాళ్లు ఆ గోడ నిండా ఉన్నారు. తనవాణ్ణి ఔటిచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించమని కెప్టెన్‌ను అడిగాను. ఫ్లెక్సీ కట్టేదాకా ఊరు కదలనన్నాను. నావాళ్ల తప్పును తప్పనడం నేను చిన్నాయనను చూసే నేర్చుకున్నాను. ఆయన కోసం ఆమాత్రం మొండితనం చేయకపోతే ఎలా?

చివరికి కట్టారు. కింద అంకెలు లేవు, చేతిలో బ్యాట్ లేదు. ఎవరి ఫోన్‌లోనో దొరికిన ఫొటోలో చిన్నాయన వేలెత్తి నిలబడ్డాడు. ఆనాడు అలిగిన మా ఆయనే గోడ కింద నిలబడి, పైన తాళ్లు బిగిస్తున్నవాళ్లకు చెబుతున్నాడు.

"జర సక్కగ కట్టుండ్రి. ఆ వేలు వంగొద్దు."