గాలి మళ్ళిన రోజు

డెబ్బైల మొదట్లో తిరువూరులో మేం అద్దెకున్న ఇంటిగలావిడ పుట్టిల్లు నాగాయలంక దగ్గర, సముద్రపొడ్డున. తూర్పు గాలి తిరిగితే చాలు, పని వదిలేసి వాకిట్లోకొచ్చి, పెదాలు నాలుకతో తడుపుకుని, "ఉప్పు తగులుతోందమ్మా" అనేది. సముద్రమెక్కడ, తిరువూరెక్కడ అని మేం నవ్వుకునేవాళ్ళం.

ఒక కార్తీకంలో తుఫాను దివిసీమ మీదికి రావచ్చని రేడియోలో చెప్పారు. ఆవిడ అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు, చిన్నప్పుడు ఆడుకున్న ఇసకదిబ్బలు అన్నీ అక్కడే. పొద్దుటినుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. దేవుడి ముందు కూర్చుని, ఇల్లంతా వినపడేలా మొక్కుకుంది.

"మా వాళ్ళ జోలికి రాకుండా నెల్లూరు వైపు మళ్ళించు స్వామీ!"

మర్నాటికి గాలి నిజంగానే అటు మళ్ళింది. ఆవిడ సంతోషంగా అందరికీ పటికబెల్లం పంచుతూ పక్క వాటా గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపల కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తోంది. ఆ పిల్ల పుట్టిల్లు నెల్లూరు వైపే, కావలి దగ్గర. వాళ్ళదీ సముద్రపొడ్డు ఊరే.

ఆవిడ పళ్ళెం కొంగు కింద దాచుకుంది. ఇల్లు కూలినా మనుషులు బతికారని కబురొచ్చేదాకా ఆ పిల్లకి తనే అన్నం కలిపి పెట్టింది కానీ, మొహంలోకి చూడలేకపోయింది.

"నా మొక్కు విన్నావుగా తల్లీ?" అంది చివరికి.

"విన్నాను పిన్నిగారూ. మా అమ్మ కూడా అక్కడ, మీ వైపు పొమ్మనే మొక్కుకుని ఉంటుంది."

ఆ మాటకి ఆవిడ తేలికపడుతుందనుకున్నాను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, బిగ్గరగా ఏడ్చేసింది.